బేతమంగళ దాకా

ఫ్రాంక్లిన్ పెండ్లాం చేతికి స్టీరింగ్ ఇచ్చినాడంట, ఆమె పోయి సావుకారు గోడౌను గేటు స్తంభాన్ని పడగొట్టిందంట అని మా గని ఇళ్ల లైనులో చివరింటి తాయమ్మ కొళాయి దగ్గర చెప్పిందట. ఆ మాటను మా అత్త ఎస్తరమ్మ నీళ్ల బిందెతో పాటే మోసుకొచ్చి వంటింటి గట్టు మీద దించింది.

"ఆడది గరిటె తిప్పితే కూరైతాది, స్టీరింగ్ తిప్పితే ఇట్లే అయితాది అనింది తాయమ్మ. నేనేం చెప్పేది? నవ్వి వచ్చేసినా."

నేను అంట్లు తోముతున్నాను. ఎంత తోమినా నా గోళ్లలోని గ్రీజు మాత్రం పోదు.

స్తంభాన్ని పడగొట్టింది నేను కాదు. ఆ సంగతి ఈ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఫ్రాంక్లిన్‌కు చక్కెర జబ్బు. కుడికాలు మొద్దుబారిపోయింది. మొదట్లో చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత బ్రేకు తెలియకుండా పోయింది. అప్పుడు నన్ను బండి తోలడం నేర్చుకోమన్నాడు. ఆయన తోలే సావుకారు శేషాచలం బండి మామూలు ట్రైలర్ కాదు. ముందు భాగం ఎత్తుగా ఉండి, వెనక భాగం మెట్టు దిగినట్టు కిందికి ఉంటుంది. క్వారీల్లో తవ్వే ఎత్తైన మిషన్లను ఆ కింది భాగం మీదికి ఎక్కిస్తారు. మూతబడిన బంగారు గనుల పక్కన, బంగారం తీసేసిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బల కింద ఖాళీ జాగాలో దాన్ని వెనక్కి నడపడం నేర్చుకున్నాను. గాలి లేస్తే దిబ్బల దుమ్ము నోట్లో కరకరలాడేది. "నువ్వు కుడికి తిప్పితే దాని తోక ఎడమకు పోతాది. అద్దంలో చూడు, నా మొగంలో ఏముండాది?" అని అరిచేవాడు. నేర్పడంలో లోపం చేయలేదు, అది ఒప్పుకోవాలి. హెవీ లైసెన్సు కూడా తీయించాడు. తీయించి బీరువాలో బైబిలు కింద పెట్టాడు.

ఆవని దగ్గర క్వారీలో మిషన్ ఎక్కించి, దాని బకెట్టును మెట్టు మీద ఆనించి, నాలుగు మూలలా గొలుసులు బిగించేది నేనే. కొంచెం దూరం పోయాక బండి ఆపి మళ్లీ బిగించాలి. కదిలే కొద్దీ బరువు సర్దుకుంటుంది, గొలుసు వదులవుతుంది. నా మీద బరువులు ఎక్కించినవాళ్లు ఒక్కరూ అలా ఆగి చూసింది లేదు.

తిరిగొచ్చేటప్పుడు బేతమంగళ చెరువు కట్ట వచ్చిందంటే సీటు మారాలి. అది మా ఆయన పెట్టిన నియమం. నేను దిగి, చీర దులుపుకొని, టిఫిన్ క్యారియరు ఒళ్లో పెట్టుకొని క్లీనరు లాగా పక్క సీట్లో కూర్చుంటాను. ఆయన స్టీరింగ్ ముందుకు వస్తాడు. ఊళ్లోకి వచ్చేసరికి ఫ్రాంక్లిన్ డ్రైవరు, జూలీ పెండ్లాం. "ఊర్లన్నీ చూపిస్తాడు, అదృష్టవంతురాలివమ్మా" అని ఈ తాయమ్మే అంది. ఇంటికి చేరగానే ఆయన పడుకుంటాడు. అలిసిపోయినాడు బిడ్డ అంటూ అత్త ఆ కాలికి నూనె రాస్తుంది. రాస్తున్నట్టు ఆ కాలికి తెలియదు. నేను బియ్యం కడుగుతాను.

నిన్న గోడౌనులోకి వెనక్కి పోతూ ఉంటే బ్రేకు, బ్రేకు అని అరిచాను. "తొక్కినా!" అన్నాడు. నిజంగానే తొక్కాడు. పెడలు పక్కన రేకును తొక్కాడు. స్తంభం కూలి, వాచ్‌మన్ రామాంజినప్ప రోజంతా కూర్చునే బెంచీ మీద పడింది. సావుకారు పరుగెత్తుకొచ్చేలోగా మేమిద్దరం దిగాం. "పెండ్లాం ముచ్చట పడిందన్నా, ఒక్క నిమిషం ఇచ్చినా" అన్నాడు ఫ్రాంక్లిన్. హమాలీలు నవ్వారు. నేను టిఫిన్ క్యారియరు పట్టుకొని నిలబడ్డాను.

ఈరోజు సాయంత్రం సావుకారు ఇంటికొస్తున్నాడని తెలిసి, అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. "మీ మామ రక్తం కక్కుకుంటానే గనిలోకి దిగినాడు. నేను యాడన్నా నోరు తెరిచినానా? మొగోడి రోగం గడప దాటితే పొయ్యి ఆరిపోతాది."

మామ నలభై దాటకుండానే పోయాడు.

శేషాచలం కుర్చీలో కూర్చొని నా చేతి కాఫీ తాగాడు. "గేటుదేముంది, కట్టుకుంటాం. రామాంజినప్ప టీకి పోయినాడు గాబట్టి సరిపోయింది. రేపు ఆవని నుంచి మిషన్ తేవాల. ఒక్కటే మాట ఫ్రాంక్లిన్, ఇంగ ఆ యమ్మ చెయ్యి స్టీరింగ్ మీద పడగూడదు. ఒంటిగా పో."

"సరేనన్నా. ఇంగ బండే ఎక్కనియ్యను."

"నేను చూసుకుంటాలే సావుకారప్పా" అంది అత్త.

ముగ్గురూ నా ఎదుటే నా సంగతి తేల్చేశారు. చెబితే బండి పని పోతుంది, పొయ్యి ఆరినా ఆరుతుంది. చెప్పకపోతే రేపో ఎల్లుండో బండి వెనక్కి వచ్చే వేళకు రామాంజినప్ప అక్కడే కూర్చొని ఉంటాడు. ఫ్రాంక్లిన్ నా వైపు చూశాడు. బేతమంగళ కట్ట మీద దిగమన్నప్పుడు చూసే చూపే అది.

ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"అట్లయితే సావుకారన్నా, బ్రేకు తొక్కేదానికి ఇంగొకర్ని పంపియ్యండి. అది యాడుండాదో ఆయన కాలికి తెలీదు. ఇన్నాళ్లూ బేతమంగళ దాకా మీ బండి తోలింది నేనే."