శాలేము రాజు షాకబ్జార్బరు

మదనపల్లె బస్టాండు వెనక షెడ్డులో శాలేము రాజు చేతికి లొంగని బండి లేదు. ఆ మాట అతనే చెప్పుకునేవాడు, కాదన్నవాళ్ళూ లేరు. అలాంటివాడికి 2003లో కన్నతల్లే ఎదురు తిరిగింది.

బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైన ఫ్లారెన్సమ్మకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ కుప్పంలో. అంబులెన్సు వ్యాన్లో బయల్దేరదీస్తే గుంతగుంతకూ అరిచి, పుంగనూరు దగ్గరే వెనక్కి తిప్పించింది. "ఈడనే సస్తాను గానీ మళ్ళా ఆ బండెక్కను" అని తేల్చేసింది. వారంలో ఆపరేషన్ కాకపోతే ఇక మంచం దిగదన్నాడు డాక్టరు.

రాజుకు భయం వేసింది. కానీ భయపడుతూ కూర్చోవడం అతనికి చేతకాదు. ఖరీదైన కార్లలో దారిని బట్టి షాకబ్జార్బరును కంప్యూటరే వదులు చేసి బిగిస్తుందని ఎక్కడో చదివాడు. లోపల నూనె పారే రంధ్రం పెద్దదైతే మెత్తన, చిన్నదైతే గట్టి. కంప్యూటరు లేకపోతేనేం, చెయ్యి ఉంది కదా! నాలుగు రోజులు కూర్చుని ఆ వ్యాను షాకబ్జార్బర్ల రంధ్రాలకు తిప్పుడు మూతలు అమర్చాడు. వాటికి స్కూటరు క్లచ్ వైర్లు కట్టి, స్ట్రెచర్ పక్కన ఒక పిడి బిగించాడు. గుంతలొస్తే వదులు, మలుపులొస్తే బిగువు.

"ఇంగ గ్లాసులో నీళ్ళు గూడా తొణకవమ్మా."

"ముందు నువ్వు పండుకో, సూద్దాం" అంది ఫ్లారెన్సమ్మ. చేసిన లెక్కను మళ్ళీ చేయించి గానీ మార్కులు వెయ్యని మనిషి ఆమె.

రాజు దర్జాగా పడుకుని పిడి పట్టుకున్నాడు. డ్రైవరు వెంకటేశులు బండిని పుంగనూరు రోడ్డెక్కించాడు. మొదటి గుంతకే ధబ్బుమని వెన్ను అదిరింది. పిడిని పూర్తిగా వదులు చేశాడు. రెండో గుంతకు ఇంకా గట్టిగా తగిలింది. దర్జా కాస్తా దిగిపోయింది.

"ఆపన్నా" అని దిగి స్ట్రెచర్ కిందికి చూశాడు. ఆరు ఇసుక మూటలు.

"ఇవేందన్నా?"

"ఖాళీ బండి ఎగురుతాదని ఎప్పుడూ ఏసుకునేదే కదప్పా. టీచరమ్మ కోసరమని రెండు ఎక్కువేసినా."

ఆ చుట్టుపక్కల డ్రైవర్లందరిదీ అదే అలవాటు. పాత బండికి ఆ బరువే మేలు చేసేది. షాకబ్జార్బరు వదులయ్యాక అదే బరువు బండిని అడుగంటా దించి ఇనుముకు ఇనుము కొట్టిస్తోంది. వెంకటేశులు మీద కోపం రాలేదు. అడక్కపోయిన తన మీదే వచ్చింది. మూటలన్నీ రోడ్డు పక్కన దించేశారు. తిరుగుదారిలో అవే గుంతల మీద బండి ఉయ్యాలలా ఊగింది తప్ప ఒక్క దెబ్బా తగల్లేదు.

మర్నాడు ఫ్లారెన్సమ్మ ఆ వ్యానుకే ఒప్పుకుని, కళ్ళు మూసుకుని, కొడుకు చొక్కా అంచు గట్టిగా పట్టుకుని పడుకుంది. రాజు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా పిడి తిప్పుతూనే ఉన్నాడు.

"పుంగనూరు వచ్చిందా?" అంది చాలాసేపటికి.

"దాటి గంటయిందమ్మా."

ఆమె చొక్కా వదిలేసింది.

కుప్పం ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచర్ దించుతుంటే కొడుకు చెయ్యి పట్టుకుంది. "వచ్చేటప్పుడు గూడా ఆ పిడి నువ్వే పట్టుకోవల్ల. ఇంకెవురికీ ఇయ్యొద్దు."

తిరిగి రావడం గురించి ఆమె మాట్లాడటం వారంలో అదే మొదలు. రాజు మొహం తిప్పుకుని, భుజం మీది గ్రీజు గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు.