ఎవరిని ఛీ అన్నట్టు?

నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ కుప్పకూలినప్పుడు బండ్లు కాసేపు ఆగాయట. జాలిపడి ఆగినవి కావు. పడిపోయేముందు ఒకవైపు వాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టాడు కదా, మళ్ళీ రమ్మనేవాడు లేక నిలబడిపోయారు. తరవాత హారన్లు మొదలయ్యాయి. ఆపైన ఒక్కొక్కళ్ళే పడున్న మనిషిని చుట్టుకుని వెళ్ళిపోయారు. డ్యూటీలో తాగి పడ్డాడంటూ ఒకాయన ఫోనులో వీడియో కూడా తీశాడు. కరిగిన తారు చెప్పులకి అంటుకునే ఎండ అది.

అతని అక్క టైలరు. తల్లి పోయాక తమ్ముణ్ణి కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని పెంచింది. కబురు తెలిసి ఆవిడ ఆసుపత్రికి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. డ్యూటీ డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"వడదెబ్బమ్మా. ఒంటిమీద చెయ్యి వేయలేకపోయాం, అంతలా కాలిపోయింది. ఐసు పెట్టాం, సెలైన్ పెట్టాం. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇదివరకు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. ఇప్పుడు మంచాలు చాలడం లేదు."

మర్నాడు పొద్దున్నే మంత్రిగారు ఆ చావుకి గుండెజబ్బని పేరు పెట్టారు. ఎండలు తాతలనాటినుంచీ ఉన్నవేననీ, భూమి వేడెక్కుతోందన్నది మన ఫ్యాక్టరీలు మూయించడానికి గిట్టనివాళ్ళు పుట్టించిన పుకారనీ మైకుల ముందు సెలవిచ్చారు. మధ్యాహ్నానికల్లా ప్రతిపక్షం జెండాలతో తమ్ముడి ఇంటిముందు దిగింది. పోయినవాడి ఫొటో పట్టుకుని "భూతాపానికి బలైన అమరవీరుడు" అని గొంతులు చించుకున్నారు. ఆ కూడలిలో చెట్లన్నీ కొట్టించి పైన వంతెన వేయించింది వాళ్ళ ప్రభుత్వమే. ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట ముట్టించుకోవడానికి నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ అడగడం కూడా లేదు, ఎవరికి కావలసిన నిప్పు వాళ్ళు పట్టుకుపోతున్నారు.

టీవీ చానెల్ వాళ్ళు వచ్చి కుటుంబం తరఫున ఎవరైనా చర్చకి రావాలన్నారు. మరదలు గోడకి చేరబడి కూర్చుంది. ఆమె కళ్ళలో తడి కూడా ఇంకిపోయింది.

"నావల్ల కాదు వదినా. నువ్వెళ్ళు. ఆయన తలమీద నీడ కావాలని ఎన్నిసార్లు మొత్తుకున్నారో ఆ ఒక్కటీ చెప్పిరా. ఆ చోట రేపు నిలబడేవాడికైనా పనికొస్తుంది."

నిజమే. కూడలిలో ఓ రేకుల నీడ వేయించమని తమ్ముడు పై అధికారుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఆ ఒక్క మాటా చెప్పడానికే అక్క బయల్దేరింది.

స్టూడియోలో పళ్ళు కటకటలాడే చలి. మేకప్ అమ్మాయి ఆవిడ జుట్టు కాస్త రేపి, వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు బాగుందండీ, బాధలో ఉన్నట్టుంది" అంది. అక్కకి లేచి వెళ్ళిపోవాలనిపించింది. అయినా పళ్ళబిగువున కూర్చుంది.

ఆవిడకి కుడిపక్క కోటు వేసుకున్న ప్రొఫెసరు, మంత్రిగారి మనిషి. ఎడమపక్క గడ్డం ఉన్న పర్యావరణ నాయకుడు, అవతలి పార్టీ మనిషి. మధ్యలో ఆవిడ, వాదన జరిగే వస్తువులాగా.

"వేడి పెంచింది మనిషా, ప్రకృతా? ఇవాళ తేల్చేద్దాం!" అన్నాడు యాంకరు, కోడిపందెం మొదలుపెట్టేవాడిలా.

"భూమి వేడెక్కడం, చల్లబడడం మామూలే. అంతా సూర్యుడి లీల" అన్నాడు కోటాయన.

"సూర్యుడి మీదకి నెట్టకండి! బొగ్గు కాల్చిన పొగ మీది! హంతకులు మీరు!" గడ్డమాయన బల్ల చరిచాడు.

"మీరు విమానాల్లో తిరగడం మానండి ముందు!"

"మీరు ఫ్యాక్టరీల దగ్గర తినడం మానండి!"

కాసేపటికి ఎవరేమంటున్నారో ఎవరికీ వినపడలేదు. యాంకరు మొహం వెలిగిపోతోంది. అప్పుడు ఆవిడవైపు తిరిగాడు.

"అమ్మా, మీ తమ్ముణ్ణి ఎవరు చంపారు? ఒక్క మాటలో!"

"మావాడు కూడలిలో చిన్న నీడ వేయించమని..."

"విన్నారా! ప్రభుత్వ వైఫల్యం!" అన్నాడు గడ్డమాయన.

"నీడ లేకపోతే దానికి భూగోళం ఏం చేస్తుందండీ?" అన్నాడు కోటాయన, నవ్వుతూ.

విరామం వచ్చింది. కెమెరామీద ఎర్రలైటు ఆరింది. దాంతోపాటు ఇద్దరి మొహాల్లో కోపమూ స్విచ్ నొక్కినట్టు ఆరిపోయింది. కోటాయన జేబులోంచి గొంతు బిళ్ళలు తీసి, ఒకటి తాను వేసుకుని ఇంకొకటి ఆవిడ మొహం మీదుగా అవతలికి అందించాడు.

"మీవాడి కాలేజీ సీటు సంగతి మాట్లాడాను. అయిపోతుంది లెండి."

"చాలా సంతోషం సార్. ఇందాక హంతకులన్నానని ఏమీ అనుకోకండి."

"ఛఛ, అందులో ఏముంది! రెండోసారి ఇంకాస్త గట్టిగా అనండి. నేను కోపంతో లేచి నిలబడతాను. బాగా పండుతుంది."

"ఏసీ ఇంకొంచెం పెంచమనండి సార్. లైట్లకి ఉడికి చస్తున్నాం."

ఉడికి చస్తున్నాం! అక్క ఆ మాట విని గడ్డమాయన మొహంలోకే చూసింది. తాను అన్నదేమిటో అతనికి తట్టనే లేదు. బిళ్ళ చప్పరిస్తూ ఆవిడకేసి చిన్న నవ్వు కూడా నవ్వాడు. యాంకరు వంగి చెవిలో చెప్పాడు. "ఈసారి మాట మధ్యలో ఏడుపొస్తే ఆపుకోకండి అమ్మా. కెమెరా మీ మీదే ఉంటుంది."

ఎర్రలైటు వెలిగింది. ఆవిడ లేచి నిలబడింది. మెడకి తగిలించిన మైకు పీకి బల్లమీద పడేసింది.

"ఛీ!"

అదొక్కటే అంది. చెత్తకుప్పలో కాలు పెట్టినదానిలా ఆచితూచి అడుగులేస్తూ బయటికి నడిచింది.

తెల్లారేసరికి ఆ ఛీ ఊరంతా పాకింది. మంత్రిగారి వర్గం దాన్ని కత్తిరించి, పక్కన గడ్డమాయన మొహం అతికించి, "శవరాజకీయాల మీద అక్కయ్య ఉమ్మేసింది" అని తిప్పింది. అవతలివాళ్ళు కోటాయన మొహం అతికించి, "అబద్ధాల ప్రొఫెసరుకి అక్కయ్య చీవాట్లు" అన్నారు. అదే ఛీ, అవే కళ్ళు. కొలతలు ఇవ్వడానికి కొట్టుకి వచ్చినవాళ్ళు కూడా గొంతు తగ్గించి, "ఇంతకీ ఎవరిని అన్నట్టండీ?" అని అడిగేవాళ్ళు. అంతా విని, తమకి నచ్చినవాణ్ణే అనలేదని ఖాయం చేసుకుని పోయేవాళ్ళు.

మేనకోడలు బడినుంచి చిన్నబోయిన మొహంతో వచ్చింది. "అత్తా, నాన్నది గుండెజబ్బంటుంది ఒకమ్మాయి. భూతాపమంటుంది ఇంకొకమ్మాయి. వాళ్ళిద్దరూ జుట్లు పట్టుకున్నారు. నన్ను ఎవరి పక్షమో చెప్పమన్నారు."

అక్క మిషను ఆపి పిల్లని దగ్గరికి తీసుకుంది. "నాన్న ఎండదెబ్బకే పోయాడమ్మా. డాక్టరమ్మ నా కళ్ళలోకి చూసి చెప్పింది. ఎండ ఇంతలా ముదరడానికి మనుషులు కాల్చే బొగ్గూ పెట్రోలే కారణమని చదువుకున్నవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. అందులో పక్షాలేమీ లేవు."

"మరైతే గడ్డం తాతగారు చెప్పింది నిజమేగా?"

"నిజమే." ఆవిడ మొహం చిట్లించింది. "నిజం చెప్పేవాడి నోరు కూడా కంపు కొట్టొచ్చమ్మా."

కొన్నాళ్ళకి కూడలిలో నీడ వెలిసింది. ఒకటి కాదు, రెండు! ఒక పార్టీ రాత్రికి రాత్రే ఓ పందిరి వేస్తే, రెండోవాళ్ళు దాని ఎదురుగా ఇంకోటి వేశారు. రెండింటికీ తమ్ముడి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీలు. ఒకదానిమీద అతని భుజంమీద మంత్రిగారు చెయ్యి వేసినట్టుంది. ఇంకోదానిమీద ప్రతిపక్ష నాయకుడు అతనికి దండం పెడుతున్నట్టుంది. బతికుండగా ఆ ఇద్దరి కార్లకీ దారి ఇవ్వడానికి ఎండలో నిలబడ్డాడే తప్ప, తమ్ముడు వాళ్ళని దగ్గరినుంచి చూసినవాడు కాదు.

కొత్త కానిస్టేబులు మాత్రం రెండు పందిళ్ళకీ మధ్య, ఎర్రటి ఎండలో నిలబడి ఉన్నాడు. అక్క వెళ్ళి అడిగింది.

"ఆ నీడలోకి వెళ్ళొచ్చుగా బాబూ?"

"ఎలా వెళ్ళనమ్మా? ఇందులో నిలబడితే వాళ్ళ మనిషినంటారు, అందులో నిలబడితే వీళ్ళ మనిషినంటారు. ఎందులోకీ పోవద్దని పై ఆఫీసరు ఆర్డరు."

మొహం ఎర్రగా కమిలిపోయి, పెదాలు పగిలిపోయి ఉన్నాయి కుర్రాడికి. అక్క వెనక్కి తిరిగింది. ఇంటికెళ్ళి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చింది. కుర్చీ వేసుకుని ఎక్కి, ఒక ఫ్లెక్సీలోంచి తమ్ముడి బొమ్మ కత్తిరించేసింది. భుజంమీద ఉన్న మంత్రిగారి వేళ్ళ దగ్గర జాగ్రత్తగా, మురికి పట్టిన అంచు తీసేస్తున్నట్టు, కత్తెర తిప్పింది. రెండో పందిరి దగ్గరా అదే పని. బండ్లాగాయి. ఫోన్లు లేచాయి. రెండు పార్టీల కార్యకర్తలూ "ఏయ్, ఏయ్" అంటూ రెండువైపులనుంచీ పరిగెత్తుకొచ్చారు.

"మా తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నాను. మిగిలింది మీరే పంచుకోండి" అంది.

ఆ సాయంత్రం స్టేషనుకి పిలిచారు. ఇన్‌స్పెక్టరు తమ్ముడితో కలిసి పనిచేసినవాడే. ఫిర్యాదు కాగితం ఆవిడ ముందుకి జరుపుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నా సర్వీసులో రెండు పార్టీలూ కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టడం ఇదే చూడ్డం అక్కా. ఆస్తి ధ్వంసం చేశావట. ఓ క్షమాపణ రాసిచ్చెయ్యి, మాట్లాడి మాఫీ చేయిస్తాను."

ఆవిడ కాగితం కేసి చూసింది. కోటాయన, గడ్డమాయన సాక్షులు. రెండు సంతకాలూ పక్కపక్కనే, ఒకే పెన్నుతో చేసినవి. ఆ కాగితాన్ని చేత్తో తాకకుండా, వేలిగోటితో అతనివైపే తోసేసింది.

"కేసు రాసుకో తమ్ముడూ. వాళ్ళకి క్షమాపణ రాసిన చేత్తో రేపు నేను అన్నం తినలేను."

కేసు నడుస్తూనే ఉంది. వాయిదాకి పిలిచినప్పుడల్లా ఆవిడ కొట్టు మూసి వెళ్తుంది. కోటాయనా గడ్డమాయనా కోర్టుకి ఒకే కారులో వస్తారు.