బయాబస్ లంకలో సరిహద్దు రాయి

మా శాన్ ఎలుతేరియోకీ పక్క ఊరు శాంత బ్రిజిదాకీ మధ్య గోడ అంటే ఏరే. ఏటికి ఇటు మాది, అటు వాళ్ళది అని, ఒకప్పుడు మమ్మల్ని ఏలిన స్పెయిన్ దొరలు రాసి పెట్టారు. దొరలకేం తెలుసు, మా ఏరు ఒకచోట పడుండే రకం కాదని! మా ముత్తాతల నాడు ఒక వరదకి పాత చర్చిని మింగేసి, మా పొలాల మీదుగా కొత్త దారి పట్టింది. ఆ దెబ్బకి మా బయాబస్ లంక వాళ్ళ వైపు పోయింది. అప్పట్నించీ పెళ్ళిలో ఎదురుపడినా, కోడిపందెంలో ఎదురుపడినా వాళ్ళది ఒకటే దెప్పు: "ఏరు కూడా మీతో వేగలేక పోయింది కదయ్యా!"

మొన్న తుఫానుకి ఏరు మళ్ళీ పక్కకి ఒరిగింది. బయాబస్ మా ఒడ్డుకి వచ్చేసింది. ఇక మావాళ్ళ సంబరం చూడాలి! బడిలో అక్షరాలూ చరిత్రా చెప్పే నన్ను మేయరుగారు పిలిచి, ఊరి చరిత్రలో ఈ సంగతి కూడా చేర్చమన్నారు. సిమెంటుతో పెద్ద సరిహద్దు రాయి పోయించి, దాని మీద ఊరి పేరు చెక్కించారు. దాన్ని కొత్త ఏటి గట్టున పాతి, ఫొటో తీసుకురమ్మని ముగ్గుర్ని పంపారు. మా పేట పెద్ద కపితాన్ తెవోదులో, ట్రాక్టరు తోలే ఓంపోంగ్, నేను.

ఎండిన పాత ఏటి ఇసుకలో పోతున్నంతసేపూ ఓంపోంగ్ నోరు మూతపడలేదు. "మాస్టారూ, అలిగి పోయిన పెళ్ళాం తిరిగొచ్చినట్టుంది కదండీ! అదీ లంకంత సారె పట్టుకుని!"

"శాంత బ్రిజిదా మేయరు మొహం చూడాల్రా, ఆముదం తాగినట్టుండుంటది" అన్నాడు కపితాన్.

నేనూ పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

లంకలో ఒక్క ఇల్లే మిగిలింది. వసారాలో కూర్చున్న ముసలావిడ మా పారనీ, ట్రాక్టరు మీద గోనె కప్పిన రాయినీ చూసి గబగబా ఎదురొచ్చింది. పేరు రుఫీనా అట. ముగ్గురం ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాం, పెద్దవాళ్ళకి మావైపు దణ్ణం అలాగే కదా.

"వచ్చారా నాయనా! ముందు అన్నం తినండి, తర్వాతే పని."

పెరట్లో ఒక్కటంటే ఒక్క కోడి తిరుగుతోంది. మేం వద్దు వద్దనేలోపే దాన్ని కోసేసింది. పచ్చి బొప్పాయి, మునగాకు వేసి చారు కాచింది. తినమన్న ఇంట్లో తినకపోతే తప్పు, కూర్చుని తిన్నాం.

"అవ్వా, ఇకనించి మీరు మా ఊరే!" అన్నాడు ఓంపోంగ్ తొడ ముక్క చీకుతూ.

"శాంత బ్రిజిదావాళ్ళూ అదే అన్నారు నాయనా. కాళ్ళావేళ్ళా పడ్డాను. 'నువ్విప్పుడు అటు ఒడ్డుదానివి, వాళ్ళనే అడుక్కో పో' అన్నారు. అప్పట్నించీ మీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నా." మా పళ్ళేల్లో మరో గరిటె వడ్డించి అడిగింది: "మరి తవ్వడం ఎక్కడ మొదలెడతారు? వరద నాడు దున్నపోతు తాడు విప్పుదామని మా ఆయన, అన్సెల్మో, ఆ వెదురు పొద దాకా పోయాడు. ఆ ఒండ్రు కిందే ఉంటాడు. నా ఒక్కదాని చేతుల వల్ల కాలేదు."

కపితాన్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. లంక మాదంటే మాదని ఊరంతా ఎగిరాం. లంకలో మనిషెవరైనా ఉన్నారా అని ఒక్కరమూ అడగలేదు.

మేం వచ్చింది దేనికో నిజం చెప్పమని కపితాన్‌ని మోచేత్తో పొడిచాను. "మీరు చెప్పండి మాస్టారూ, చదువుకున్నోరు" అని గొణిగి, పార పట్టుకుని లేచాడు. నేనూ చెప్పలేదు.

వంతులేసుకుని తవ్వాం. పార ఒక్కటే కావడంతో ఓంపోంగ్ చేతులతోనే మట్టి తోడాడు. ఆవిడ మంచినీళ్ళు అందిస్తూ, "కాస్త అటు చూడు నాయనా, ఇంకాస్త అటు" అంటూ గుంట చుట్టూ తిరిగింది. పొద్దు వాలేసరికి దున్నపోతు మెడతాడు ముక్క దొరికింది. మనిషి దొరకలేదు.

ఆవిడ ఏడవలేదు. తాడు ముక్కకి అంటిన మట్టి దులిపి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ట్రాక్టరు వైపు చూసి, "పోనీలెండి. ఏరు పట్టుకుపోతే మీరు మాత్రం ఏం చేస్తారు? ఆయనకి రాయి కూడా చేయించుకొచ్చారు, అదే చాలు. ఇక్కడే పెట్టండి" అంది.

రాయి పాతాల్సిన ఏటి గట్టు ఇంకా చాలా దూరం. ఆ మాట ఎత్తడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రాయి దించి, వెదురు పొద పక్కనే పాతాం. ఆవిడ కొవ్వొత్తి వెలిగించి, గోనె పక్కకి తీసి, రాయిని తడిమింది.

"నాకు చదువు రాదు నాయనా. ఏం రాశారు?"

ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను.

"అన్సెల్మో అని, అవ్వా."

మా ఊరి పేరు మీద ఈ చివర్నించి ఆ చివరిదాకా ఆవిడ వేలు పోనిచ్చింది. "ఆయన పేరు ఎంత పెద్దగా రాయించారయ్యా!" అంది. నేను వద్దనేలోపే నా చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకుంది.