జనవరి పదకొండు

పొద్దున తినే జున్ను రొట్టె, బానిత్సా ముక్క నోట్లో ఉండగానే రుమ్యానా కంప్యూటరు తేదీని వెనక్కి తిప్పింది. జనవరి పదకొండు, 2021. ఆ మర్నాటి నుంచి లోకమంతటా ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేరుతో నడిచే ఆటలు ఆగిపోయాయి. కంప్యూటరు ముందురోజులోనే ఉండిపోతే మాత్రం ఆట తెరుచుకుంటుంది. రెండేళ్లుగా రోజూ ఇదే ఆమె మొదటి పని. విదిన్ ఊరి పిల్లల కేంద్రంలో నత్తి ఉన్నవాళ్లకు, నోరు విప్పనివాళ్లకు ముప్పై ఏళ్లుగా మాట నేర్పుతోంది. మోకాళ్లు అరిగాయి గానీ జీతం పెరగలేదు.

ఆటలో ఒక ముళ్లపంది ఉంటుంది. మైకులో పలికితే గెంతుతుంది. ఆరేళ్ల కాలినా కన్నతల్లితో కూడా మాట్లాడదు, ముళ్లపందితో మాట్లాడుతుంది. పోయిన వారం దాన్ని "రా" అని పిలిచింది. ఇవాళ రెండు మాటలు పలికించాలని రుమ్యానా పట్టుదల.

పదింటికి పై ఆఫీసు నుంచి ప్లామెన్ తనిఖీకి వచ్చాడు. మీసం సరిగా రాని వయసు, మెరిసే బూట్లు. పాఠాల కాగితాలు తిరగేశాడు. కంప్యూటరు తనంతట తాను వేసిన తేదీ అన్నిటి మీదా ఒక్కటే.

"ఒక్క రోజులో తొమ్మిది వందల పాఠాలు చెప్పారా మేడమ్? బాగుంది."

"తేదీ మార్చకపోతే ఆట రాదు బాబూ. కొత్తది చేయించమని మీ ఆఫీసుకే ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు."

"అవన్నీ నాకెందుకండీ? ఈ పాఠాలు జరగనట్టే."

తానే తేదీ సరిచేసి, మళ్లీ మార్చడానికి వీల్లేకుండా పాస్‌వర్డుతో తాళం పెట్టాడు. రుమ్యానాకు ఒళ్లు మండిపోయింది. మాటరాని పిల్లల నోట్లో మట్టి కొట్టడానికేనా వీళ్లు చదువుకున్నది!

పదకొండింటికి కాలినా వచ్చింది. ముళ్లపంది ఉండాల్సిన చోట బూడిదరంగు గడి. పిల్ల వేలితో దాన్ని తట్టింది. కాసేపు చూసి, పెదవులు బిగించుకుంది.

"రెండేళ్లు నేర్పింది ఇదేనా?" అన్నాడు ప్లామెన్.

రుమ్యానా పిల్లను దగ్గరికి తీసుకుని, వసారాలో ఉన్న తల్లికి అప్పగించి వచ్చింది. కాగితం తీసి రాజీనామా రాసింది. కింద జనవరి పదకొండు, 2021 అని తేదీ వేసింది.

"తేదీ తప్పండీ," అన్నాడతను.

"ఆ తర్వాత నేను చేసిందేదీ జరగలేదన్నావుగా. అయితే నేను ఈ ఉద్యోగం వదిలిందీ ఆ రోజే. అలాగే రాసుకో."

తలుపు మెల్లగా చేరవేసి వెళ్లిపోయింది. గోడకు ఆమె తెల్లకోటు వేలాడుతోంది. ముప్పై ఏళ్లు పిల్లలు పట్టుకు లాగిన ఎడమ జేబు మూడుచోట్ల కుట్లు పడి, ఒకవైపు కిందికి సాగిపోయి ఉంది.