కోసిన తుంగ

కత్తి పట్టుకునే వెళ్లింది, వంటింటి సొరుగు లాగిన చప్పుడు విన్నది కదా తను, బంగాళాదుంపల తొక్క తీసే చిన్న కత్తి, నల్ల పిడిది, దాన్ని కోటు జేబులో వేసుకుని, ఉన్ని టోపీ చెవుల మీదకి లాక్కుని, వెళ్లొస్తా అత్తయ్యా, వెళ్లొస్తా వదినా అని పేరుపేరునా చెప్పి మరీ వెళ్లింది తమ్ముడి పెళ్లాం ఓర్లా, చెప్పకుండా ఒక్క పనీ చేయదు ఆ పిల్ల, డబ్లిన్‌లో అందరూ అంతేనేమో, ఆట్రాక్టా పొయ్యి దగ్గర నిలబడి ఉడికిన దుంపలు మెదుపుతూ నవ్వుకుంది, నవ్వు కాదది, ముక్కులోంచి వచ్చిన గాలి, ఏమే ఒక్కదానివే నవ్వుతున్నావ్ అంది అమ్మ, ఏం లేదమ్మా, ఆవిరి, ఆవిరికి నవ్వొస్తుందా ఎవరికైనా అంటూ అమ్మ వెన్న గిన్నె ఇటు జరిపింది.

తుంగని లాగాలి, కోయకూడదు, లీట్రిం జిల్లాలో ఆవులకి కూడా తెలుసు ఆ మాట, బ్రిజిడమ్మ పండుగకి ముందు సాయంత్రం, గుమ్మానికి కట్టే శిలువలు అల్లడానికి, చెమ్మ పొలంలో దిగి పోచ మొదట్లో పట్టుకుని నెమ్మదిగా లాగితే పాలరంగు మొదలుతో సహా ఊడి వస్తుంది, ఇనుము తగిలితే ఇంటి అదృష్టం తెగిపోతుందని పక్కింటి ముసలాయన అనేవాడు, ఓర్లా మధ్యాహ్నం అడిగింది కూడా, వదినా, నాకేం తెలీదు, ఎలా తేవాలో చెప్పవూ అని, తను గిన్నెలోంచి తల ఎత్తకుండా, ఏముంది చెప్పడానికి, తుంగేగా, తెచ్చెయ్ అంది, అబద్ధం ఆడలేదు, ఒక్క మాట తక్కువ చెప్పింది, అంతే, ముప్పై ఏళ్లు ఈ పని చేసినదానికి ఒక్క మాట దాచుకునే హక్కు లేదా, పదహారో ఏట, నాయనమ్మ పోయిన దగ్గర్నుంచి ఈ ఇంటి బ్రిజిడమ్మ తనే, తుంగ మోపు ఎత్తుకుని మూసిన తలుపు బయట నిలబడి మూడుసార్లు పిలవడం, లోపల అందరూ మోకాళ్ల మీద ఉండి రావమ్మా అని మూడుసార్లు పలకడం, తలుపు తెరుచుకుని లోపలి వెలుతురు ముఖం మీద పడటం, ఏడాదికి ఆ ఒక్క క్షణం ఈ ఇల్లు మొత్తం తన కోసం మోకాళ్ల మీద ఉండేది, పోయిన ఆదివారం అమ్మ భోజనం దగ్గర, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా, ఈసారి ఓర్లా వెళ్తుందిలే అంది.

ఏదీ మిగల్చదా ఈ పిల్ల, జూన్‌లో పెళ్లై వచ్చింది, హాలోవీన్‌కి ఎండుద్రాక్షల రొట్టెలో దాచిన ఉంగరం ఆమె ముక్కలోనే వచ్చింది, అది వచ్చినవాళ్లకి ఏడాది తిరక్కుండా పెళ్లంటారు, తను నలభై ఆరేళ్లుగా ఆ రొట్టె తింటోంది, ఒక్కసారి పంటికి తగల్లేదు, ఓర్లా నవ్వేసి, నాకొకటి ఉందిగా, ఇదిగో వదినా నువ్వు తీసుకో అని బల్ల మీద దొర్లించింది, ఆ ఇత్తడి ఉంగరం తిరుగుతూ తిరుగుతూ వచ్చి తన టీ కప్పుకి తగిలి ఆగింది, ఫింటన్ నవ్వాడు, తను చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు, వాడూ నవ్వాడు, క్రిస్మస్ మర్నాడు గడ్డి ముసుగులు వేసుకుని డోలు వాయిస్తూ వాకిట్లోకి వచ్చినవాళ్లు ఇంటావిడ ఎక్కడయ్యా, ఒక చిందు వేయాలి అంటే, తను ఇంకా చేతులు తుడుచుకుంటుండగానే ఓర్లాని లాక్కెళ్లారు, జనవరి ఆరున, ఆడవాళ్ల క్రిస్మస్ నాడు, మగవాళ్లే వండి వడ్డించే ఆ ఒక్కరోజు, మాడ్చిన మాంసం పళ్లెం ఫింటన్ మొదట ఎవరికి పెట్టాడు, కిటికీ పక్క తన కుర్చీలో ఎవరు కూర్చున్నారు, ఇంకో ఆరు వారాల్లో పాట్రిక్ పండుగ, తమ్ముడి కోటుకి మూడాకుల కొమ్మ గుచ్చే చేయి ఎవరిదో అడగక్కర్లేదు, మే నెల మొదటి రోజు గడప మీద పసుపు పూలు చల్లేదీ ఆమే, ఏడాదంతా గుండ్రంగా తిరిగి వస్తుంది, ప్రతి పండుగలోనూ ఒక మంచి కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీలో ఓర్లా ఉంటుంది, తనకి అంట్లు ఉంటాయి.

రానీ, కోసిన తుంగతో రానీ, అమ్మ వేళ్లు కీళ్ల నొప్పులతో వంకర్లు పోయినా తుంగ మీద పడితే కళ్లకన్నా ముందు చూస్తాయి, పాల మొదలు కోసం వెతుకుతుంది, దొరకదు, ఇదేమిటే కోసుకొచ్చావా అంటుంది, అప్పుడు ఆ గుండ్రటి ముఖం ఎలా మారుతుందో ఒక్కసారి చూడాలి, తనూ మొదటి ఏడు కోసే తెచ్చింది, అమ్మ కుట్టు కత్తెరతో, నాయనమ్మ చెప్పకుండానే పోయింది కదా, కానీ ఎవరూ చూడలేదు, అప్పట్లో ఈ గదికి ఒక్కటే గుడ్డి బల్బు, నాన్న ఏదో అనబోతుంటే అమ్మ టీ చల్లారిపోతోంది తాగు అంది, మోపు మీద చేయి వేసి, మంచి తుంగే తెచ్చావు, మెత్తగా వంగుతుంది అంది, అంతే, బతికిపోయింది, మరుసటేడు పక్కింటి ముసలాయన నోట ఇనుము మాట విని నాలుక కరుచుకుంది, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడేమో గది నిండా వెలుతురు, కొత్త దీపాలు, అవీ ఓర్లా అడిగితే ఫింటన్ పెట్టించినవే, కొట్టంలో చారల ఆవు రేపో మాపో ఈనేలా ఉంది, అదృష్టం తెగితే, ఛ, ఆ ముసలాయన మాటలకేం, మెదిపిన దుంపల మధ్య గుంట చేసి వెన్న వేసింది, కరిగే దాకా దాన్నే చూసింది.

ఫింటన్ కొట్టంలోంచి వచ్చి బూట్లు విడుస్తూ, రేపు సర్కారు సెలవు తెలుసా, బ్రిజిడమ్మ పేరు మీద, అన్నాడు, సర్కారుకి ఇప్పుడు గుర్తొచ్చిందా పాపం, మనం చెప్పి పంపకపోతిమి అంది అమ్మ, అక్కా ఆకలేస్తోంది, ఒక్క ముద్ద పెట్టవే, నోరు మూసుకో, తుంగ రానీ ముందు, ఆ మాట తన నోట్లోంచే వచ్చింది, తుంగ రానీ, అప్పుడే తలుపు మీద మూడు దెబ్బలు, ఫింటన్ మోకాళ్లు వంచాడు, అమ్మ బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా దిగింది, తనూ దిగక తప్పలేదు, నేల చల్లగా ఉంది, ఇన్నేళ్లలో ఈ రాత్రి ఈ నేల ఎలా ఉంటుందో తనకి తెలీదు, తలుపు అవతల్నుంచి, మోకాళ్లు వంచండి, కళ్లు తెరవండి, బ్రిజిడమ్మని రానివ్వండి, గొంతు వణుకుతోంది ఆ పిల్లకి, చలికా, భయానికా, తను కూడా మొదటిసారి అలాగే వణికింది, రావమ్మా రా అన్నారు అమ్మా ఫింటనూ, తను పెదవులు మాత్రం కదిపింది, రెండోసారి పిలిచింది, రెండోసారీ పెదవులే, మూడోసారి అమ్మ తన వైపు తిరగలేదు, చేయి మాత్రం తన చేతి మీద వేసింది, రావమ్మా రా, తన గొంతు తనకే బొంగురుగా వినిపించింది.

తలుపు తీస్తే ఓర్లా ముక్కు ఎర్రగా, మోకాళ్ల దాకా బురద, బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో మోపు, బల్ల మీద పెట్టింది, కొసలన్నీ సమంగా, పచ్చగా, ఒక్క పోచకీ తెల్లటి మొదలు లేదు, దీపం కింద స్పష్టంగా, పిల్లాడికి కూడా కనిపించేలా, అత్తయ్యా, చాలా, ఇంకా తేవాలా, ఫింటన్ వంగి చూశాడు, అదేంటి, వీటిని కో, అని వాడు అనేలోపే అమ్మ, దుంపలు చల్లారిపోతున్నాయి ఫింటన్, పళ్లేలు తీయి అంది, వాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే పళ్లేల అర వైపు నడిచాడు, అమ్మ బొటనవేలు పోచ వెంట కిందికి జారింది, తెగిన చోట ఆగింది, అక్కడే కాసేపు ఉండిపోయింది, ఆట్రాక్టా ఓర్లా ముఖం వైపు తిరిగింది, ఇప్పుడు, ఇప్పుడే, మంచి తుంగే తెచ్చావు, మెత్తగా వంగుతుంది అంది అమ్మ, ఓర్లా ముఖం దీపంలా వెలిగింది, అమ్మ ఆ ముఖం వైపు చూడలేదు, తల ఎత్తి తన కూతురి వైపు చూసింది, కోపం లేదు ఆ చూపులో, ఆశ్చర్యం కూడా లేదు, అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేదు, టీ చల్లారిపోతోంది, దుంపలు చల్లారిపోతున్నాయి, నాన్న తెరిచిన నోరు, ఫింటన్ తెరిచిన నోరు, గుడ్డి బల్బు కాదు, చూడకపోవడం కాదు, ఓర్లా బెంచీ కొసన ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడి ఉంది, ఆట్రాక్టా కొంచెం జరిగి చోటు చేసింది, ఒక పోచ తీసి రెండో దాని చుట్టూ మడిచింది, ఇదిగో ఇలా మడవాలి, గట్టిగా పట్టుకో, వచ్చే ఏడు నీతో పాటు నేనూ పొలంలోకి వస్తా, చూపించాల్సింది ఒకటుంది అంది, ఏంటి వదినా, అప్పుడు చెప్తాలే, కోసిన పోచ వేళ్ల మధ్య మెత్తగానే వంగింది, అమ్మ అప్పుడే చూసింది, ముప్పై ఏళ్ల కిందటే చూసింది, చూసి కూడా లోపలికి రమ్మంది.