రెండు కొడవళ్ళ ఇల్లు

బడి గోడలో ఒక ఆడమనిషి కాపురం ఉంటోందని ఇస్త్రీ బండి ఆవిడ చెప్పిందట. ఆవిడకు పాల బూత్ అతను చెప్పాడట. అతనికి ఎవరు చెప్పారో మాత్రం అతను చెప్పలేదట.

"జనాభా లెక్కలకి తిరిగే టీచర్లు ఆ గోడ దగ్గర ఆగి నంబరు చూస్తారంట. తలుపు ఎక్కడా అని అటూ ఇటూ వెతుకుతారంట. కనపడకపోయేసరికి 'తాళం వేసి ఉంది' అని రాసుకుని పోతారంట. సొంత బడి గోడనే పోల్చుకోలేని వాళ్ళు మన పిల్లలకి ఏం చదువు చెబుతారు అని ఒకటే నవ్వు, ఆవిడ." నంబర్లాయన భార్య గిన్నెలు తోముతూ ఇదంతా ఒక్క గుక్కలో అప్పజెప్పింది.

ఆయన గుమ్మంలో గొంతుక్కూర్చుని నల్లరంగు డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతున్నాడు. రాత్రంతా నిలవున్న రంగు మీద మీగడలా కట్టిన పెచ్చును పుల్లతో చుట్టి తీసి పాత కాగితం మీద వేశాడు. ఎడమ భుజం ఉదయం నుంచీ లాగుతోంది. కుడిచేత్తో దాన్ని ఒకసారి నలుపుకుని మళ్ళీ తిప్పడం మొదలెట్టాడు.

"ఇవాళ తెల్లరంగు పని అన్నావుగా. నలుపెందుకు?" అంది ఆమె.

"ఉండనీ. ఎండిపోతుందని."

"నాకు తెలుసులే ఎందుకో." ఆమె గిన్నె బోర్లించింది.

టౌన్‌షిప్ ఆఫీసులో ఇళ్ళ నంబర్లు రాయడం ఆయన ఉద్యోగం. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో గుమ్మం కింద నుంచి దూరుతున్నట్టు కొంచెం వంగి ఉంటాడు. గోళ్ళ చుట్టూ నల్లరంగు ఏ సబ్బుకీ లొంగకుండా కూర్చుండిపోయింది. పెళ్ళి ఫొటోలో కూడా ఆ గోళ్ళు అలాగే ఉన్నాయి. ఆయనకు పేరొకటి ఉన్నా జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరూ దాన్ని వాడరు. పెద్దలకు నంబర్లాయన, పిల్లలకు నంబర్ల తాత. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుంచె వెనక్కి తిప్పి, దాని పిడితో తలుపు మీద రెండుసార్లు తడతాడు. "రంగు వేస్తున్నా, ముట్టుకోకండి" అంటాడు. లోపల మనుషులున్నా లేకపోయినా అంటాడు. తాళం వేసిన ఇంటి ముందు కూడా అలా ఎందుకని అడిగితే, "ఇంటికి చెప్పొద్దూ" అంటాడు.

ఆఫీసు పెరట్లో కొత్త నంబర్ల రేకులు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. పక్క నగరం ఈ టౌన్‌షిప్‌ను తనలో కలిపేసుకుంది. వీధులకు కొత్త పేర్లు, ఇళ్ళకు పొడుగాటి కొత్త నంబర్లు వచ్చాయి. నీలం రేకు మీద తెల్ల అంకెలు, నాలుగు మూలలా మేకులకు చిల్లులు. రేపటి నుంచి కాంట్రాక్టు మనుషులు కొడతారు. ఈలోగా గోడల మీది పాత నంబర్లు చెరిపేయాలి.

వార్డు ఆఫీసరు చిన్న వయసావిడ. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని మాట్లాడుతుంది. "బడి వీధి ఒక్కటే మిగిలిందండీ. సాయంత్రానికి తెల్లగా కనపడాలి నాకు. వచ్చే నెల నుంచి మీకు నీళ్ళ సెక్షన్‌లో కుర్చీ వేయిస్తాను. ఎండలో తిరిగే పని తప్పుతుంది."

"కుర్చీలో కూర్చోవడం రాదు మేడమ్ నాకు" అన్నాడాయన.

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

బడి వీధిలో ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి, తట్టి, తాను రాసిన అంకెలనే తాను చెరుపుకుంటూ వెళ్ళాడు. తెలుపు ఒక పూతకు లొంగలేదు. కింద నుంచి అంకె మళ్ళీ బూడిదరంగులో తేలుతోంది. రెండో పూత వేశాడు.

"నా నంబరు చెరిపావు సరే, కరెంటు బిల్లు కూడా రాకుండా చేస్తావా?" అన్నాడు అరుగు మీది ముసలాయన.

"అది మాత్రం ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది బాబాయ్."

"కొత్త నంబరుకి నోరు తిరగడం లేదోయ్. ఆటోవాడికి చెప్పేలోపు వాడు నన్ను ఊరు దాటించేస్తాడు."

ఒకామె చంటిపిల్లను చంకనేసుకుని బయటికి వచ్చింది. "ఈ నంబరు చూసేగా మామయ్యా మావాడికి బళ్ళో సీటొచ్చింది. రోడ్డుకి అవతల వాళ్ళకి ఇవ్వం అన్నారు. చెరిపేస్తుంటే ఏదోగా ఉంది" అంది. ఆయన కుంచె ఆపి, ఆమె చాలన్నంతసేపు ఆ అంకెను చూడనిచ్చి, అప్పుడు చెరిపాడు.

వీధి చివర బడి గోడ. ఆ గోడ అంతా ఒకేసారి కట్టింది కాదు. మధ్యలో కొంత భాగం ఒకప్పుడు ఒక ఇంటి ముందుగోడ. ఆ ఇల్లు నంబర్లాయన అక్కది.

అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ అక్కే. మొగుడు లేడు, పిల్లలు లేరు. గుమ్మంలో కుట్టుమెషిను వేసుకుని బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. గుండీ ఊడిన పిల్లాడు చొక్కా విప్పి ఆమె చేతిలో పెట్టి, బనియనుతో గడప మీద కూర్చునేవాడు. ఏ వేళప్పుడు చూసినా ఆ గడప మీద ఒకడు కూర్చునే ఉండేవాడు. ఆ ఇంటికి తలుపు ఉండేదిగానీ ఆమె మూసేది కాదు. ఆమెకు చదువు రాదు. తమ్ముడికి ఈ ఉద్యోగం వచ్చాక మొదట రాసిన నంబరు ఆమె ఇంటిదే, డెబ్భై ఏడు. ఆమె దూరం నుంచి చూసి, "ఇదేంట్రా, రెండు కొడవళ్ళు పక్కపక్కన తగిలించావు?" అంది. అప్పటి నుంచి అది రెండు కొడవళ్ళ ఇల్లు. ఎక్కడికి వెళ్ళొచ్చినా ఆ కొడవళ్ళు చూసుకునే ఆమె ఇంట్లో అడుగుపెట్టేది.

టౌన్‌షిప్‌లోకి జనం వచ్చి పడ్డారు. బడికి పిల్లలు పెరిగారు, ఆడుకోవడానికి జాగా చాలలేదు. ఆమె ఇల్లు తీసుకున్నారు. ఊరవతల వేరే స్థలం ఇస్తామన్నారు. ఆమె కాదనలేదు. కాగితాలు చూపించిన వాళ్ళతో, "పిల్లలకేగా" అంది. సామాను తమ్ముడింటికి చేర్చాలనుకున్న రోజున, తమ్ముడి భార్య రెండు గదులూ కలయజూసి, "మెషిను ఎక్కడ పెడతాం?" అంది. ఆ ఒక్క మాటే. కోపంగా కూడా అనలేదు. ఆ సాయంత్రం అక్క మెషిను తల ఊడదీసి గోనెలో పెట్టుకుని, "పనేదో చూసుకుని వస్తానురా" అని వెళ్ళింది. ఊరవతలి స్థలానికి వెళ్ళలేదు. తెలిసినవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళలేదు. తమ్ముడు ఎంత తిరిగినా దొరకలేదు.

ఇల్లు పడగొట్టినప్పుడు మేస్త్రీ ముందుగోడను మాత్రం ఉంచేశాడు. కొత్త గోడకు అంత మేర ఇటుక కలిసొస్తుందని గుమ్మం పూడ్చి, పైన సిమెంటు పూసి గిలాబా చేశాడు. వానాకాలంలో ఆ పూడ్చిన చోట తేమ పైకి లేచి తలుపు ఆకారం తేలుతుంది. నంబరు ఆ పక్కనే ఉంది. గోడకు ఎన్నిసార్లు సున్నం వేసినా ఆయన మర్నాడే వచ్చి ఆ రెండు కొడవళ్ళను మళ్ళీ దిద్దేవాడు, అంకెలు కోసిన అచ్చురేకు పెట్టకుండా, చేత్తో. దానికి ముందు గోడ మీద కుంచె పిడితో రెండుసార్లు తట్టేవాడు. పూడ్చిన చోట శబ్దం వేరుగా, డొల్లగా వచ్చేది.

తట్టడం ఆయన దగ్గరే పిల్లలు నేర్చుకున్నారు. ఇవాళ ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం విరామం. చిన్న తరగతుల వాళ్ళు వరసగా గేటు దాటి వచ్చి గోడ మీద తట్టడం, "అత్తా, ఉన్నావా?" అని అరవడం, చెవి ఆనించి వినడం, కెవ్వున కేకేసి పరుగెత్తడం.

"లోపలికి రండ్రా కోతుల్లారా!" అని గేటు దగ్గర కాపలా ఉండే పెద్దావిడ అదిలించింది. బళ్ళో అందరికీ ఆమె గేటక్క. ఆయన మొహం చూసి తన స్టూలు తెచ్చి వేసింది. "ఏంటి తమ్ముడూ, అలా చెమటలు పట్టాయి? ఎండా అంతగా లేదే."

"భుజం లాగుతోందక్కా."

"కుంచె పక్కన పడెయ్. ఇంటికి పోయి పడుకో."

"ఇదొక్కటే మిగిలింది."

ఆమె గోడ వైపు చూసింది. తిరిగి గేటు దగ్గరికి వెళ్ళింది.

ఒక పిల్ల మాత్రం పరుగెత్తకుండా నిలబడి ఉంది. ముందు పళ్ళు రెండు లేవు. "తాతా, ఇవాళ పలికింది" అంది.

"ఏమంది?"

"ఎవరూ అంది."

"నువ్వేం చెప్పావు?"

"మేమే అని చెప్పా." ఆ పిల్ల అది పెద్ద విషయమేమీ కానట్టు లోపలికి పోయింది. ఆయన లేచి వెళ్ళి గోడకు చెవి ఆనించాడు. ఎవరూ చూడకుండా ఈ పని ఎన్నోసార్లు చేశాడు. ఎప్పుడూ చల్లదనమే తగిలేది. ఇవాళ లోపల మెషిను తిరుగుతున్నట్టు ఉంది. ఆగి ఆగి, మళ్ళీ అందుకుని. అది తన గుండె చప్పుడేనని తెలుసుకోవడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది.

ఆఫీసరు స్కూటరు దిగింది. వీధంతా చూసుకుంటూ వచ్చి, "బాగా వచ్చిందండీ. ఇదేంటి, గోడకి నంబరు?" అంది.

"ఇల్లు మేడమ్."

"ఎక్కడుంది?"

ఆయన చేయి ఎత్తి గోడను చూపించి, దించేశాడు. "ఇదొక్కటీ వదిలేయండి. నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు ఇన్నాళ్ళూ."

"అందులో ఎవరైనా ఉంటున్నారా?"

"రావాల్సిన మనిషి ఉంది. చదువు రాదు. ఈ గుర్తు తప్ప ఇంకోటి తెలియదు."

ఆఫీసరు కళ్ళజోడు కిందికి దించుకుని ఆయన్ని చూసింది. చెడ్డ మనిషి కాదు. "పెద్దాయనా, ఒక్కటి వదిలేస్తే రేపు అందరూ అడుగుతారు. చెరిపేయండి. నేను మళ్ళీ సాయంత్రం వస్తాను" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

బడి వదిలారు. పిల్లలు ఏరులా బయటికి పారి వీధుల్లోకి ఇంకిపోయారు. గేటక్క గదులకు తాళాలు వేసుకుంటూ వరండా చివరికి వెళ్ళింది. నంబర్లాయన తెల్లరంగు డబ్బా మూత బిగించాడు. నల్లరంగు డబ్బా మూత తీశాడు. కుంచె పిడితో గోడ మీద రెండుసార్లు తట్టి, "రంగు వేస్తున్నానక్కా, ముట్టుకోకు" అన్నాడు.

గీత ఎక్కడా వంకర పోలేదు. మొదటి కొడవలి, రెండో కొడవలి. ఎప్పటికంటే పెద్దవిగా, వీధి మొదట్లో నిలబడ్డా కనపడేంత పెద్దవిగా దిద్దాడు. కుంచె డబ్బాలో పెట్టాడు. స్టూలు దూరంగా ఉంది. అక్కడిదాకా వెళ్ళడం ఎందుకన్నట్టు, పూడ్చిన గుమ్మం దగ్గర గోడకు చేరబడి, గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన పిల్లాడిలా మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు.

గేటక్క తాళాలగుత్తి ఆడించుకుంటూ వచ్చి, "రంగు తగులుతుంది, లే తమ్ముడూ" అంది. రెండోసారి కూడా అంది. తర్వాత తాళాలు కింద పడేసి ఆయన మొహం పట్టుకుంది.

లేవదీసినప్పుడు చూశారు. ఎడమ భుజం మీద చొక్కాకు తడి రంగు అంటుకుని, కొడవలి ఒకటి తిరగేసి పడింది. ఆయన భార్య ఆ చొక్కా మార్చనివ్వలేదు. దానితోనే సాగనంపింది.

మూడో నాడు ఆమె డబ్బా, కుంచె తెచ్చుకుందామని బడి దగ్గరికి వెళ్ళింది. ఆఫీసరు అక్కడే ఉంది. ఆ సాయంత్రం తాను వచ్చేసరికి జరిగింది చూసినప్పటి నుంచీ ఆమెకు నిద్ర లేనట్టుంది. గోడ మీది అంకెలను చెరపమని ఎవరికీ చెప్పలేదు. గేటక్క స్టూలు మీద కూర్చుని ఉంది. కాంట్రాక్టు మనిషి రేకుల కట్ట భుజాన వేసుకుని వీధంతా మేకులు కొట్టుకుంటూ వచ్చి, చివరి రేకు చేత్తో పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు.

"మేడమ్, ఒకటి మిగిలింది. జనాభా లెక్కల్లో ఉన్న ఇళ్ళన్నిటికీ రేకులు చేయించారు. దీనికి కూడా వచ్చింది. జాబితాలో 'తాళం వేసి ఉంది' అని రాశారు. ఏ ఇల్లిది?"

ఆఫీసరు రేకు తీసుకుని చూసింది. పొడుగాటి కొత్త నంబరు. కింది మూలలో చిన్న అంకెలతో, పాత నంబరు. చిటికెన వేలి గోరంత కొడవళ్ళు రెండు. ఆమె రేకును నంబర్లాయన భార్యకు అందించింది.

ఆమె దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇక్కడే కొట్టు" అంది.

"ఇది గోడ కదమ్మా" అన్నాడతను. "ఉత్త గోడకి కొడితే నన్ను అడుగుతారు. తాళం వేసిన ఇల్లు అని ఉంది. మనుషులెంతమందో కూడా రాసుకెళ్ళాలి నేను."

"ఆ ఇంటికి తాళం ఏనాడూ లేదు. మెషిను పెట్టుకోవడానికి చోటు కూడా ఉంది" అంది ఆమె. "మొన్నటిదాకా ఒక్కతే. ఇప్పుడు ఇద్దరు. రాసుకో."

గోడ మొదట్లో నల్లరంగు డబ్బా మూత లేకుండా ఉంది. పైన పెచ్చు కట్టేసింది. దాని మధ్యలో కుంచె, పిడి పైకి పెట్టుకుని, నిటారుగా బిగుసుకుపోయి ఉంది.