పక్కమనిషి రిపోర్టు

కృష్ణవేణికి ఉన్న పెద్ద భయం ఒకటే. తన కూతురు హేమకి రేపు ఇంకెవరో తల దువ్వి జడలు వేయాల్సి వస్తుందేమోనని. మిగతా భయాలన్నీ ఆ భయానికి పుట్టినవే.

రొమ్ములో గడ్డ తీసి నాలుగేళ్లయింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏడు, హేమకి రెండు. తెనాలి ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, రోజుకో మాత్ర రాశారు. రేపల్లెలో అత్తగారింట్లో మాత్రం ఆ జబ్బు పేరు ఇప్పటికీ ఎవరూ పలకరు. ‘ఆ ఆపరేషన్’ అంటారు. చుట్టాలకి అపెండిసైటిస్ అని చెప్పారు. చుట్టాలూ మర్యాదస్తులే. అపెండిసైటిస్‌కి జుట్టెందుకు ఊడిందని ఒక్కరూ అడగలేదు.

నెలకోసారి చేత్తో తడిమి చూసుకోమని డాక్టరమ్మ చెబితే, కృష్ణవేణి రోజుకి మూడుసార్లు చూసుకునేది. భర్త జనార్దన్‌ది దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారం. అతని దగ్గర అన్నిటికీ ఒకటే మందు: “ఏం కాదులే.” పసుపు ధర పడిపోయినా అదే మాట, పెళ్లానికి చెయ్యి లాగుతున్నా అదే మాట.

ఆషాఢంలో ఏడాది పరీక్షకి బయల్దేరే రోజు పొద్దున్నే ఆమె దేవుడి గూట్లో చెయ్యి పెట్టింది. అగరొత్తుల పెట్టె తగిలింది, కర్పూరం తగిలింది, ఫైలు తగల్లేదు.

“అత్తయ్యా, నా ఫైలేదీ?”

“ఏ ఫైలే?” కోటేశ్వరమ్మ పూలు కడుతూ తలెత్తలేదు.

“ఆస్పత్రి ఫైలు. ఇక్కడ మీరేగా పెట్టారు.”

“అదింకెందుకూ? కార్తీకంలో పెనుమూడి రేవులో వదిలేశాగా.”

“వదిలేశారా!”

“మరి? ఇక ఏడాదికోసారి వస్తే చాలందిగా మీ డాక్టరమ్మ. అంటే పీడ పోయినట్టేగా. పోయిన పీడని ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారటే? పసుపు గుడ్డలో చుట్టి, బొట్టుపెట్టి, దీపంతో పాటు కృష్ణమ్మకి అప్పజెప్పా.”

“ఫిల్ములు కూడానా?”

“అన్నీనూ. ప్లాస్టిక్ కవరు మాత్రం తీసేశాలే. నదిలో ప్లాస్టిక్ వేయకూడదని టీవీలో చెప్పారుగా. ఆ కవర్లో రేషను కార్డు పెట్టా, శుభ్రంగా ఉంది.”

ఫిల్ములన్నీ ప్లాస్టిక్కేనని కృష్ణవేణి అనలేదు. ఈ ముసలావిడ తన కోసం నాలుగేళ్లుగా శనివారాలు ఒక్క పూటే తింటోంది. కీమో రోజుల్లో పిల్లని చంక దించకుండా పెంచింది. అలాంటి మనిషిని ఏమని తిట్టాలో తెలియక, చెప్పులు వేసుకుని ప్యాసింజరు రైలెక్కింది.

తెనాలి ఆస్పత్రి కౌంటర్లో బ్లెస్సీ అనే అమ్మాయి చెయ్యి చాపింది. “పాత ఫైలివ్వండి.”

“నదిలో పోయిందండి.”

“వరదలొచ్చాయా మీ వైపు?”

“లేదండీ. మా అత్తగారు.”

బ్లెస్సీ ఆశ్చర్యపోలేదు. “పోయిన వారం ఒకాయన ఫైలు పట్టుకెళ్లి హుండీలో వేశాడంటండీ. మీ అత్తగారే నయం” అని కొత్త ఫైలు తెరిచింది.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ మామోగ్రామ్ ఫిల్ము లైటు ముందు పెట్టి చూసి, ఒకచోట పెన్ను ఆనించింది. “ఇక్కడ చిన్న మచ్చుందమ్మా. ఎనిమిది మిల్లీమీటర్లు. ఆపరేషన్ చేసి కరెంటు పెట్టిన చోట ఇలాంటి మచ్చ మిగలొచ్చు. పాతదైతే భయం లేదు. కొత్తదైతే సూది పెట్టి ముక్క తీసి పంపాలి. నీ పాత రిపోర్టు తెస్తే ఇప్పుడే చెప్పేస్తాను.”

“పాతదేనేమో మేడం?”

“అది నాకన్నా నీకు తెలియాలమ్మా. రిపోర్టులో ఏం రాశారు?”

రిపోర్టంతా ఇంగ్లీషు. కృష్ణవేణి చదువు ఇంటర్ మొదటేడు మధ్యలో ఆగింది. అప్పట్లో ఎవరో “బాగుంది” అంటే ఆ ఒక్క ముక్కా ఇంటికి తెచ్చుకుంది. మిగతాదంతా ఫైలు మోసింది.

“గురువారం దాకా వెతుకు. దొరక్కపోతే సూది పరీక్ష చేద్దాం” అంది డాక్టరమ్మ.

పాత మామోగ్రాములు తీసింది బయట ఒక స్కానింగ్ సెంటర్లో. కృష్ణవేణి పరుగులాంటి నడకతో ఆ సందులోకి వెళ్లింది. సెంటరుంది గానీ అది ఇప్పుడు టిఫిన్ సెంటర్. తనని బట్టలు విప్పి నిలబెట్టిన గదిలో పెనం కాలుతోంది.

“బాబాయ్, ఇక్కడ పాత రిపోర్టులేమన్నా...”

“ఉప్మా పెసరట్టు అయిపోయిందమ్మా. సాదా ఉంది, వెయ్యమంటావా?”

బయటికొచ్చి జనార్దన్‌కి ఫోన్ చేసింది. “ఏం కాదులే” అన్నాడు అలవాటుగా. యార్డులో బస్తాలు దించేవాళ్లని ఆగమని కేకేశాడు. “ఒకవేళ...” అన్నాడు. నాలుగేళ్లలో అతని నోట ‘ఒకవేళ’ వినడం అదే మొదటిసారి. ఆమె మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూలబడింది.

అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది దుర్గాభవాని.

చీరాల నేత వాళ్లింటి ఆడపడుచు. బాపట్లలో కాపురం, ఇంట్లోనే చీరల వ్యాపారం. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే వైపు, ఒకే ఆపరేషన్. రెండేళ్ల కిందట ఆస్పత్రి బెంచీ మీద కృష్ణవేణి రిపోర్టు బాగుందని తెలిసి, “ఏదీ, ఒక్క జిరాక్సు తీసుకుంటానమ్మాయ్, ధైర్యంగా ఉంటుంది” అని తీసుకుంది. అప్పుడు కృష్ణవేణికి కాస్త గొప్పగా కూడా అనిపించింది. తన జీవితంలో ఒకరు జిరాక్సు తీసుకునేంత మంచి మార్కులు అవే.

మరో గంటలో బాపట్ల రైల్లో ఉంది.

సూర్యలంక రోడ్డులో మేడ మీద ఇల్లు. మెట్ల దగ్గర ‘చీరాల చీరలు, పైన’ అని రాసి బాణం గుర్తు. దుర్గాభవాని చీరల గుట్ట మధ్య నుంచి లేచి వచ్చింది.

“ఎవరూ, కృష్ణవేణా? రావే తల్లీ! ఇంత చిక్కావేంటే? శ్రావణమాసానికి చీరలు చూస్తావా?”

“అక్కా, చీర కాదు. నా రిపోర్టు నీ దగ్గరుందా?”

“ఉండకపోవడమేంటి!” అని బీరువా తెరిచి, పట్టుచీరల మడతలో నుంచి తీసింది. లామినేషన్ చేయించి ఉంది. నాలుగు మూలలా పసుపు బొట్లు.

కృష్ణవేణి దాన్ని లాక్కున్నంత పని చేసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంది. నాలుగో వరసలో అంకె దొరికింది. ఎనిమిది. పక్కన ఇంగ్లీషులో ఎమ్మెమ్. కింద కూర్చుని ఏడ్చేసింది.

“ఏడుస్తావేంటే? అంతా బాగున్నట్టేగా అందులో. నేను రోజూ చూసుకుంటా.”

“నువ్వెందుకక్కా నాది చూసుకోడం? నీ రిపోర్టులో ఏం వచ్చింది?”

దుర్గాభవాని ఒక చీర విప్పి, మళ్లీ అదే మడత పెట్టింది. “నాదింకెందుకే? నీకూ నాకూ ఒకటే రోజు, ఒకటే కత్తి. నీకు బాగుంటే నాకూ బాగున్నట్టేగా.”

“అంటే అప్పట్నుంచీ నువ్వు వెళ్లలేదా?”

“వెళ్తే ఏదో ఒకటి చెబుతారు. మా ఆయన కోటిబాబు అడిగితే ఇది చూపిస్తా, పేరు మీద వేలు పెట్టి. ఆయనకి చత్వారం లే.”

కృష్ణవేణికి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. అప్పుడు చూసింది. దుర్గాభవాని కుడి చేతికి డజను గాజులున్నాయి, ఎడమ చేతికి ఒక్కటి కూడా లేదు. ఆ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఊది ఉంది. ఆ చేత్తోనే చీరల మూట లేపి పక్కన పెట్టింది.

“అక్కా, ఆ చేత్తో బరువులెత్తొద్దన్నారుగా. వాచిందే!”

“గాజులు బిగుతయ్యాయి, తీసేశా. అంతే. మాటలు తర్వాత, కాఫీ తాగు.”

“రిపోర్టు తీసుకెళ్తానక్కా. గురువారం డాక్టరమ్మకి చూపించాలి.”

దుర్గాభవాని రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. అంతసేపూ నవ్విన మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. “అదిచ్చేస్తే నా దగ్గరేం ఉంటుందే?”

“నీదే ఉంటుంది. నాతో పాటు గురువారం తెనాలి రా. నీ పేరుతో ఒకటి తీయిద్దాం.”

చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది. చివరికి వదిలింది. “వస్తాలే. ఒట్టు.” కృష్ణవేణి నెత్తిన చెయ్యి పెట్టబోయి, ఎందుకో ఆగి, చీర మీద పెట్టింది.

గురువారం డాక్టరమ్మ పాత రిపోర్టూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టింది. అదే చోటు, అదే ఎనిమిది. “పాత మచ్చే. సూది అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి చూద్దాం. ఈ రిపోర్టుకి లామినేషనెవరు చేయించారమ్మా, ఇంత భక్తిగా?”

“తెలిసినావిడండి. ఆమె కూడా మీ పేషెంటే. ఇవాళ రావాలి.”

కృష్ణవేణి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంది. ఎవరో భయపడి చేసిన తప్పు వల్ల తను బతికి బయటపడింది, ఆ తప్పు చేసిన మనిషి మాత్రం రాలేదు. నాలుగింటికి ఫోనొచ్చింది. “ఏమనుకోకే, అమ్మాయ్. ఆషాఢం తగ్గింపు బేరాలు. శ్రావణం వెళ్లగానే వస్తా. ఇంతకీ నీకేమన్నారు?”

“పాతదేనన్నారక్కా.”

“చూశావా! నేను చెప్పలా? ఇక నాకూ దిగుల్లేదు” అంది దుర్గాభవాని సంబరంగా. కృష్ణవేణి ఎంత అరిచినా ఆ సంబరం ముందు ఒక్క మాటా ఆనలేదు.

శ్రావణం వెళ్లింది. వినాయక చవితీ వెళ్లింది. ఇప్పుడు ఫోన్ మోగుతుంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. కృష్ణవేణి మొన్న బస్సెక్కి బాపట్ల వెళ్తే తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లు చీరాల వెళ్లారన్నారు, ఎందుకో తెలియదన్నారు. హేమకి జ్వరంగా ఉండి ఆమె ఆ రోజే తిరిగొచ్చేసింది.

అందుకని, మీలో ఎవరికన్నా బాపట్లలో పనిబడితే, సూర్యలంక రోడ్డులో ఒక్క నిమిషం ఆగండి. బాణం గుర్తు చూసి మెట్లెక్కండి. తలుపు తీసి ఉంటే చీర చూస్తానని కూర్చోండి, బేరమాడండి, కొనకపోయినా ఆమె ఏమీ అనుకోదు. ఎడమ చెయ్యి ఎలా ఉందో చూడండి. తెనాలి ఎప్పుడెళ్లావమ్మా అని అడగండి. వెళ్దాంలే అంటే మాత్రం లేవకండి.